వేరుశనగపై క్రమశిక్షణ చర్య

ఆ ఏడాది రాష్ట్రంలో ఎక్కడా కరువు లేదని ప్రభుత్వం తీర్మానించింది. ఏదో మాటవరసకు కాదు, పోస్టర్లు అచ్చేయించి, పాట కట్టించి, పాటకు డాన్సు నేర్పించి మరీ తీర్మానించింది. దానికి 'సుభిక్ష సంవత్సరం' అని పేరు పెట్టి, జిల్లాకొక సుభిక్ష ప్రత్యేకాధికారిని వేసింది. వాన కురిసిందా లేదా అని చూడడం ఆయన పని కాదు. వాన దేవుడి శాఖ. కరువు అనే మాట జిల్లాలో ఎక్కడా వినపడకుండా చూసుకోవడమే ఆయన పని.

సింగరాయకొట్టాల వేరుశనగ పరిశోధన కేంద్రానికి ఈ సంగతి కాస్త ఆలస్యంగా చేరింది. అప్పటికి అక్కడ ఎర్రనేల పెనంలా కాలుతోంది. బోరు వేస్తే నీళ్లకన్నా ముందు దగ్గు వస్తోంది. డాక్టర్ ఇందుమతి మాత్రం గొడుగు వేసుకుని ఏడో మడిలో కూర్చుని, పరీక్ష కోసం ఆకులు కోసుకుంటోంది.

ఏడో మడి సంగతి కొంచెం చెప్పాలి. ఇందుమతి పెళ్లి, పిల్లలు, నెరిసిన జుట్టు, అన్నీ ఆ మడి పక్కన కూర్చుని ఉండగానే జరిగిపోయాయి. ఈ రకాన్ని ఆ రకంతో కలిపి, నీళ్లు మాన్పించి, బతికినవాటిని ఏరి, వాటికి మళ్లీ నీళ్లు మాన్పించి, ఏళ్ల తరబడి ఆమె తయారు చేసిన వేరుశనగ అది. మిగతా రకాలకు నేల పూర్తిగా ఎండిపోయాక గాని బుద్ధి రాదు. ఇది అలా కాదు. వేరు చివర తడి కాస్త తగ్గగానే పసిగట్టేస్తుంది. వేరు నుంచి ఆకుకు ఒక రసాయనం కబురు మోసుకుపోతుంది. ఆకు తన మీదుండే సన్నటి రంధ్రాలను మూసేసి, ఉన్న నీరు ఆవిరైపోకుండా పట్టుకుంటుంది. అదే కబురు కణాల్లోకి వెళ్లి, అక్కడ నిద్రపోతున్న జన్యువులను తట్టి లేపుతుంది. లేచిన జన్యువుల్లో ఒకటి ఆకుకు మైనం పూయిస్తుంది, ఒకటి వేరును లోతుకు తరుముతుంది, ఇంకొకటి కణంలోని సరుకు చెడిపోకుండా కాపలా కాస్తుంది. కొత్త కొమ్మలూ కొత్త పూలూ అంటూ ఖర్చు పెట్టించే జన్యువులను మొక్క 'మీరు కాస్త పడుకోండమ్మా' అని జోకొడుతుంది. వాన పడిందా, వీటిని పడుకోబెట్టి వాటిని లేపుతుంది. ఎండ దెబ్బ తిన్న చోట చిన్న గుర్తు కూడా పెట్టుకుంటుంది, ఈసారి ఇంకా తొందరగా లేపడానికి.

ఇదంతా మొక్క ఎవరినీ అడక్కుండా చేసుకుపోయే పని. సరిగ్గా అదే దాని కొంప ముంచింది.

ఇందుమతి ఎప్పటిలాగే నెలవారీ నివేదికలో 'ఏడో మడిలో కరువు జన్యువులు మేల్కొన్నాయి' అని రాసి పంపింది. కొత్త విత్తనం మొత్తం ఆ ఒక్క మడిలోనే ఉంది. గోదాములో గుప్పెడు గింజలు కూడా మిగలకుండా అందులోనే విత్తేసింది. పూల నుంచి ఊడలు నేలలోకి దిగి, కాయ ఇంకా పాల మీద ఉంది. ఇంకో నెలన్నర నిలబడితే చాలు, చుట్టుపక్కల రైతులకు విత్తనం దొరుకుతుంది. నిలబడకపోతే ఆమె జీవితంలో సగం ఎండగడ్డి కింద లెక్క.

నివేదిక పంపిన వారంలోనే సుభిక్ష ప్రత్యేకాధికారి దివాకరమూర్తి గారు జీపు దిగారు. మాట్లాడినా జీవో చదువుతున్నట్టే మాట్లాడతారాయన. ఇంట్లో భార్యను కాఫీ అడిగేటప్పుడు కూడా 'పై విషయము పరిశీలించి' అంటారని ఆయన డ్రైవరే చెబుతాడు.

"డాక్టరు గారూ, తమ నివేదికలో కరువు అను పదము వినియోగింపబడినది" అన్నారాయన, మడి గట్టు మీద కుర్చీ వేయించుకుని.

"అవునండీ. ఆ జన్యువుల పేరే అది."

"జిల్లాలో కరువు ఉన్నట్లు ప్రకటన వెలువడినదా?"

"లేదండీ."

"మరి ప్రకటన వెలువడనిదే, కరువు ఉన్నదని ఈ మొక్కలు ఏ ఆధారముతో నిర్ధారించుకున్నవి?"

"నేలలో తడి లేదండీ. వేళ్లకు తెలుస్తుంది."

దివాకరమూర్తి గారు కుర్చీలోంచి లేచారు. "వేళ్లకా! వేరు అనగా ఏ స్థాయి? అట్టడుగు స్థాయి. అట్టడుగు స్థాయి సిబ్బంది, మధ్యలో కాండము అనే అధికారి ఉండగా, నేరుగా ఆకుకు సమాచారము పంపినదా?"

"కాండంలోంచే పోతుందండీ ఆ కబురు."

"కాండము దానిపై సంతకము చేసినదా?"

ఇందుమతి చదువుకున్న చదువంతా వెతుక్కుంది. కాండం సంతకం గురించి ఎక్కడా లేదు. పక్కన నిలబడ్డ కార్యాలయ సూపరింటెండెంట్ చెన్నకేశవులు వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూశాడు.

"ఇంకొక విషయము" అన్నారు ప్రత్యేకాధికారి. "ఒక్కొక్క కణములో వేల జన్యువులు ఉన్నవనీ, వాటిలో చాలా భాగము నిద్రించుచున్నవనీ తమరే వ్రాసినారు. పని వేళల్లో నిద్రయా?"

"అవసరమైనప్పుడు లేస్తాయండీ."

"అవసరమును నిర్ణయించుటకు అవి ఎవరు?" ఆయన మడిని ఈ చివర నుంచి ఆ చివరకు కలయజూశారు. "ఒక్క కాయ లేదు. పూలు కూడా లేవు. ఇంతకాలము ఇచ్చట ఇవి చేసినది ఏమి? వీటిని తక్షణమే పెరికి పారవేయవలెను."

ఇందుమతి "అయ్యో, కాయలు..." అనబోయింది. చెన్నకేశవులు ఆమె కాలు తొక్కాడు. మామూలుగా తొక్కలేదు, చెప్పు ముద్ర పడేలా తొక్కాడు.

"సార్, నాదొక మనవి" అన్నాడు చేతులు కట్టుకుని. "ఉద్యోగిని ఒక్కమాటున పీకేయగూడదు సార్. మెమో ఇయ్యల్ల, సంజాయిషీ అడగల్ల, విచారణ పెట్టల్ల. లేకపోతే రేపు ఎవురో ఒకరు కోర్టుకు పోతే మన ఆర్డరు నిలబడదు."

"మొక్క ఉద్యోగియా?"

"సర్కారు భూమిలో నిలబడి, సర్కారు నీళ్లు తాగి, సర్కారు పని చేస్తాండేది ఉద్యోగి కాకపోతే ఇంకేమైతాది సార్?"

దివాకరమూర్తి గారి ముఖం విప్పారింది. ఎన్నాళ్లయిందో ఆయన ఒక విచారణ నడిపి! సుభిక్షంలో విచారణలు ఎక్కడివి? ఆయన చెన్నకేశవులు భుజం తట్టి, జీపెక్కి, మెమో రాయడానికి ఆత్రంగా వెళ్లిపోయారు.

జీపు దుమ్ము అణగకముందే ఇందుమతి చెన్నకేశవులు మీద విరుచుకుపడింది. "ఏందన్నా ఇది, కాయ నేల్లో ఉంటుందని చెప్పనీకుండా కాలు తొక్కితివి!"

"చెప్తే ఏమైతాది మేడం? కాయలను గూడ పిలిపించి తవ్విస్తాడు. తెలీకుండానే ఉండనీ. మనకు కావల్సింది టయిమే గదా? ఈ సర్వీసులో టయిం యాడ దొరుకుతాదో నాకు తెలిసినట్ల ఇంకెవురికీ తెలీదు. విచారణంటే ఏమనుకున్నావు? నా విచారణే నాకు పెండ్లి గాకముందు మొదులై, నా కూతురు పెండ్లికి ముగిసె."

మెమో వచ్చింది. చెన్నకేశవులు మడి మధ్యలో నిలబడి గొంతు సవరించుకుని చదివాడు: "ఏడో మడిలో విధులు నిర్వర్తించుచున్న మీరు, సమర్థాధికారి ముందస్తు అనుమతి లేకుండా, కరువు ప్రకటింపబడని ప్రాంతమున కరువు జన్యువులను క్రియాశీలము గావించి, తద్వారా తోటి పంటలలో లేనిపోని భయాందోళనలను రేకెత్తించినారు. మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ సమర్పించవలెను. విచారణ పూర్తి అగువరకు మీరు సస్పెన్షనులో ఉందురు."

కూలీల మేస్త్రీ ఓబులమ్మ కొడవలి భుజాన వేసుకుని అంతా విన్నది. "ఇంతకీ ఈ కాయితం ఎవురు తీసుకోవల్ల సామీ?"

"వాళ్లే."

"వాళ్లకు చేతుల్లేవే!"

"అట్లయితే 'తీసుకొనుటకు నిరాకరించినారు' అని రాసి మడి గట్టు మీది గూటానికి అతికియ్యి."

ఓబులమ్మ అతికించింది. అతికించి, కొంగు నోట్లో కుక్కుకుని, ఎనిమిదో మడి దాకా పోయి అక్కడ కూర్చుని నవ్వింది.

ఎనిమిదో మడిలో ఉన్నది పాతకాలపు రకం. దానికి కరువు సంగతి తొందరగా తెలియదు. ఆకుల రంధ్రాలన్నీ బార్లా తెరుచుకుని, ఉన్న నీరంతా గాలికి ధారపోసి, మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేస్తుంది. ప్రత్యేకాధికారి మరుసటి వారం వచ్చి దాన్ని చూసి ముగ్ధులైపోయారు.

"చూచితిరా డాక్టరు గారూ, ఇవి వినయముతో తలలు వంచినవి!"

"వాడిపోతున్నాయండీ. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే చచ్చిపోతాయి."

"పోవచ్చును. కానీ ఆదేశములకు లోబడి పోవును" అన్నారాయన. ఎనిమిదో మడికి ఉత్తమ క్రమశిక్షణ జ్ఞాపిక ప్రకటించి, దండ వేశారు. బంతిపూల దండ బరువుకు ముందువరస మొక్కలు ఇంకా వినయంగా వంగిపోయాయి.

అయితే ఇందుమతికి నవ్వు రాలేదు. ఏడో మడి ఎంత తెలివైనదైనా, తెలివికీ ఒక హద్దుంటుంది. కాయ ఊరే సమయంలో ఒక్క తడి అయినా పడాలి. ట్యాంకరు కావాలని అడిగితే, "ట్యాంకరు రోడ్డు మీద కనపడినచో కరువు ఉన్నదను అపోహ కలుగును" అని జవాబు వచ్చింది. బోరు ఆ దగ్గు కూడా మానేసింది. ఆమె మడి గట్టు మీద కూర్చుని, సిగ్గు విడిచి ఏడ్చింది.

"ఏడ్చొద్దు మేడం" అన్నాడు చెన్నకేశవులు. "సస్పెన్షనులో ఉండే ఉద్యోగికి రూల్సు ప్రకారం ఏమియ్యల్లో తెల్సునా? జీవనభృతి! సగం జీతం! అదియ్యకుండా విచారణ జరిపితే విచారణే చెల్లదు."

"మొక్కకు జీతమేందన్నా?"

"అదే నేనూ సార్‌ను అడుగుతా."

అడిగాడు. దివాకరమూర్తి గారు రాత్రంతా నియమావళి తిరగేసి, మొక్కకు జీతమనగా నీరేనని తేల్చారు. సస్పెన్షనులోని మొక్కలకు మామూలు కోటాలో సగం నీరు, క్రమం తప్పకుండా, రశీదు తీసుకుని చెల్లించాలని ఉత్తర్వు ఇచ్చారు. అపోహ కలగకుండా ట్యాంకరు మీద 'పాలు' అని రాయించారు. ట్యాంకరు వచ్చిన రోజు ఓబులమ్మ మొక్కమొక్కకూ తిరిగి, "రాండమ్మా, జీతాలొచ్చినాయి" అని గొట్టంతో నీళ్లు పట్టింది. ఎనిమిదో మడికి చుక్క కూడా ఇవ్వలేదు. ఆ మడి సస్పెన్షనులో లేదు, మరి!

తడి తగలగానే ఏడో మడి తన ధర్మం తాను చేసింది. కరువు జన్యువులను పడుకోబెట్టి, పెరుగుదల జన్యువులను లేపింది. తర్వాతి పరీక్షలో అదే తేలింది. ఇందుమతి భయపడుతూనే నివేదిక పంపింది. తప్పు సరిదిద్దుకున్నాయని విచారణ ఎత్తేస్తే జీవనభృతి ఆగిపోతుంది. కానీ ప్రత్యేకాధికారి గారి బుర్రను ఆమె తక్కువ అంచనా వేసింది.

"సాక్ష్యాధారములను మాయము చేసినవి!" అని ఆయన పిడికిలి బిగించారు. "విచారణ సాగుచుండగా నేరము జరిగిన ఆనవాళ్లను తుడిచివేసినవి!"

"ఘోరం సార్" అంది ఇందుమతి వెంటనే. ఆమెకు దారి అర్థమైపోయింది. "దీన్ని ఊరికే వదలకూడదు. రెండో అభియోగం వేయండి సార్. దానికి వేరే మెమో, వేరే సంజాయిషీ, వేరే విచారణ."

"తమరిలో ఇంతటి పరిపాలనా దక్షత ఉన్నదని తెలియదు" అని ఆయన మెచ్చుకున్నారు.

అక్కడి నుంచి పరిపాలన పరుగులు తీసింది. జిల్లాలోని సకల వృక్షజాతి ఏ జన్యువును లేపాలన్నా, పడుకోబెట్టాలన్నా ముందుగా దరఖాస్తు చేసుకోవాలని నియమం వచ్చింది. ఆకు రంధ్రాలు మూసుకోవడానికి మండలస్థాయి అనుమతి, వేరు లోతుకు పోవడానికి గనులశాఖ అభ్యంతరం లేదన్న పత్రం. మైనం పూసుకోవడానికి రంగు ఆమోదించాలి. పొద్దుతిరుగుడు పూలు పొద్దు వైపు తిరిగే ముందు తెలియజేయాలి. అత్తిపత్తికి ముట్టుకోగానే ముడుచుకునే అధికారం రద్దయింది. ముట్టుకున్నవారి వివరాలు కనుక్కున్న తర్వాతే ముడుచుకోవాలి. పొలాల్లో మైకులు పెట్టి 'ఈ మండలములో కరువు లేదు, వదంతులు నమ్మవద్దు' అని పొద్దస్తమానం పంటలకు చెప్పారు. దివాకరమూర్తి గారి బంగళాలో తులసి మొక్క ఒక ఆకు రాల్చితే దానికీ మెమో వెళ్లింది. ఆవిడ, అంటే ఆయన భార్య, ఆ మెమోను చించి పొయ్యిలో వేసిందని డ్రైవరు చెప్పాడు.

ముఖాముఖి విచారణ రోజు మడి ముందు షామియానా వేశారు. నిందితుల తరఫున మాట్లాడడానికి ఓబులమ్మను సహాయకురాలిగా నియమించారు. ప్రత్యేకాధికారి బల్ల వెనక కూర్చుని, "మొదటి వరుస, మొదటి మొక్క! మీపై మోపిన అభియోగమును అంగీకరింతురా?" అని అడిగారు.

గాలికి మొక్క ఊగింది.

"తల ఊపినది. అంగీకరించినట్లు వ్రాయుడు" అన్నారాయన.

"అడ్డంగా ఊపె సామీ, నిలువుగా కాదు" అంది ఓబులమ్మ. "కాదంటాండాది."

దాని మీద వాదన మధ్యాహ్నం దాకా నడిచింది. గాలి ఆగిపోయాక 'నిందితులు మౌనము వహించినారు' అని రాసుకున్నారు. ఇందుమతి లేచి, ఒక్కో మొక్కనూ విడివిడిగా విచారించకపోతే సహజ న్యాయానికి భంగమని వినయంగా గుర్తుచేసింది. ఆయన మడి వైపు చూశారు. మొక్కలు వేలల్లో ఉన్నాయి. ఆయన కళ్లల్లో ఆనందబాష్పాలు తిరిగాయి.

అన్నీ ఇలాగే సాగి ఉంటే బాగుండేది. కానీ సుభిక్ష ఉత్సవానికి మంత్రిగారు అనుకున్నదానికన్నా ముందే వస్తున్నారని కబురొచ్చింది. వేదిక ఎక్కడో కాదు, ఈ పరిశోధన కేంద్రంలోనే. మంత్రిగారి సమక్షంలో ధిక్కార మొక్కలను బర్తరఫ్ చేసి, విధేయ మొక్కలను సత్కరించాలని దివాకరమూర్తి గారు ముచ్చటపడ్డారు. విడివిడి విచారణ రద్దు చేసి, మర్నాడే తీర్పు, తీర్పు కాగానే పెరకడం, మంత్రిగారి కోసం ముందువరస మాత్రం మిగల్చడం అన్నారు.

ఇందుమతి పరుగున మడిలోకి పోయి, అంచున ఉన్న ఒక మొక్కను మెల్లగా లాగి, కాయ పగలగొట్టి చూసింది. పొట్టు లోపలివైపు ఇంకా తెల్లగానే ఉంది. ముదిరితే అది నల్లబడాలి. ఇంకొక్క వారం. ఒక్క వారం దొరికితే చాలు.

"ఓబులక్కా, ఇంగ అయిపాయ" అంది.

ఓబులమ్మ కొడవలి కింద పెట్టింది. "అమ్మా, నేను లేకుండా తీర్పు చెప్పొచ్చునా?"

చెన్నకేశవులు ఎగిరి గంతేశాడు. "చెప్పగూడదు! సహాయకురాలు లేకుండా చెప్పగూడదు!"

"అట్లయితే నేను మా ఆడబిడ్డ కూతురి సీమంతానికి పోవల్ల."

"నీ ఆడబిడ్డకు కూతురు ఉందా?"

"లేకపోతేనేమి సామీ, సీమంతానికి పోవల్లంటే పోవల్ల" అని ఓబులమ్మ ఆ సాయంత్రమే బస్సెక్కింది.

వారమంతా దివాకరమూర్తి గారు ఖాళీ షామియానాలో కాలుగాలిన పిల్లిలా తిరిగారు. నియమం నియమమే. ఓబులమ్మ గాజులు నిండిన చేతులతో, లడ్డు పొట్లంతో తిరిగొచ్చేసరికి ఉత్సవం మర్నాడుంది. ఇందుమతి ఇంకో కాయ పగలగొట్టింది. పొట్టు లోపల నల్లగా నిగనిగలాడింది. ఆమె ఆ నల్లటి పొట్టును ముద్దు పెట్టుకుంది.

మర్నాడు రైతులు వేదిక ముందు కిక్కిరిసిపోయారు. సుభిక్షం చూడడానికి కాదు, భోజనం ఉందన్నారని వచ్చారు. మంత్రిగారు పాట విన్నారు, డాన్సు చూశారు. దివాకరమూర్తి గారు తీర్పు చదివి, "బర్తరఫ్!" అని గర్జించి, మొదటి మొక్కను తామే స్వయంగా జుట్టు పట్టుకుని లాగినట్టు లాగారు.

మొక్క వచ్చింది. దాని వెంట గుత్తులు గుత్తులుగా కాయలూ వచ్చాయి. మట్టి రాలుతూ, బరువుకు ఆయన చెయ్యి కిందకు లాగేస్తూ.

ఆయన నోరెళ్లబెట్టారు. "ఇవి... ఇవి ఏమి?"

"శెనక్కాయలు సామీ" అంది ఓబులమ్మ.

"ఎచ్చటివి?"

"నేల్లోవి."

"నేలలో దాచినవా!" ఆయన గొంతు కీచుమంది. ఇంకోటి పెరికారు, మరోటి పెరికారు. అన్నింటికీ గుత్తులే. "ఆదాయమునకు మించిన ఆస్తులు! సగము నీటిపై బతుకు సస్పెన్షను ఉద్యోగులకు ఇంతటి ఆస్తి ఎచ్చటిది? పెరకండి! అన్నింటినీ పెరికి సోదా చేయండి!"

ఓబులమ్మ కూలీలు అప్పటికే వరుసలు పట్టారు. పొద్దు తిరగకముందే మడి మొత్తం పెరికి, కాయలు దూసి, రాశి పోశారు. జీవితంలో ఇంత చక్కటి కోత ఇందుమతి చూడలేదు. పోల్చి చూపడానికి ఎనిమిదో మడినీ పెరికించారు. రెండు మూడు తాలు కాయలు వేలాడుతూ వచ్చాయి. "చూడుడు!" అన్నారు ప్రత్యేకాధికారి గద్గదంగా. "నిజాయితీపరుల వద్ద ఏమి ఉండును?" రైతులు తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

జప్తు చేసిన ఆస్తిని ఎక్కడ పెట్టాలి? గోదాము నిండా సుభిక్ష పోస్టర్లు. మంత్రిగారు జనం వంక చూసి, మైకు అందుకున్నారు. "ప్రజల సొమ్ము ప్రజలకే చెందాలి! ఈ క్షణమే, ఇక్కడే పంచిపెడతాం!"

కొత్త విత్తనం రైతు చేతికి చేరాలంటే ఎన్ని కమిటీలో, ఎన్ని సంతకాలో, ఇందుమతి రిటైరైనా తెమలని పని. అది ఒక్క చప్పట్ల మోతలో అయిపోయింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేస్తే, ఆమె గొడుగు అడ్డం పెట్టుకుంది.

దివాకరమూర్తి గారు మాత్రం తన బాధ్యత మరవలేదు. ప్రతి పొట్లం మీదా హెచ్చరిక ముద్రించనిదే పంచడానికి వీల్లేదన్నారు. ఆయన చెబుతుంటే చెన్నకేశవులు రాశాడు, కేంద్రంలో ఉన్న వాళ్లంతా కూర్చుని అతికించారు. రైతులు చెట్ల కింద వరుస కట్టారు.

ముందు వరుసలో ఉన్న ఒక ముసలి రైతు పొట్లం అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకు చదువు రాదు మేడం. దీని మీద ఏమి రాసినారు?"

ఇందుమతి చదివింది. "హెచ్చరిక. ఈ విత్తనమునకు క్రమశిక్షణ లేదు. ఇది ప్రభుత్వ ప్రకటన కొరకు ఎదురుచూడదు. నేలలో తడి తగ్గినచో ఎవరినీ అడగక తన జాగ్రత్త తాను పడును. వాన పడినచో ఎవరూ చెప్పకుండానే తిరిగి పెరుగును. పడిన దెబ్బను మరువదు. ఎంత అదిమినను తన పని తాను చేసుకుపోవును."

ముసలాయన పొట్లాన్ని ఇంకోసారి తిప్పి చూశాడు.

"ఇదంతా నిజమేనా మేడం?"

"నిజమే పెద్దాయనా" అంది ఇందుమతి. ఇన్నేళ్లలో తన వేరుశనగ గురించి ఇంత బాగా ఆమె కూడా ఎన్నడూ రాయలేకపోయింది. "అక్షరం అక్షరం నిజం."

ముసలాయన పొట్లాన్ని జాగ్రత్తగా పంచెలో ముడేసుకుని, తువ్వాలు రెండో కొస చాపాడు.

"అట్లయితే మా తమ్మునికి గూడ ఒక దోసెడు పొయ్యి తల్లీ."